మూడో గుర్తు దాకా రాసిన అయ్యవారు

అర్జీలు రాసే అయ్యవారు పోయారని నాకు చెప్పింది డోన్ కచేరీ ముందు టీ అమ్మే సాయిబు. సోమవారం బేతంచెర్లలో రైలెక్కి డోన్‌లో దిగి కచేరీ కాడికి పోయేసరికి ఆయన రాతబల్ల గోడకు ఆనించి ఉంది. "శుక్రవారమే పోయినాడమ్మా. మూడు దినాల జరం," అన్నాడు. నాకు అక్షరం రాదు. ఇది మా పక్కింటి కోడలికి చెప్పి రాయిస్తున్నాను.

నా పొలం పక్కనే నాపరాళ్ల గని. పొలం హద్దుకు ఆరు గుర్తులు. మొదట మా ఊరాయన ఒకరు వాటిని ఒకదాని కింద ఒకటి రాసిచ్చారు. కొలత రోజు గని ఆసామి రెండో గుర్తు నుంచి ఐదోదానికి అడ్డంగా తాడు లాగించాడు. "నీ గుర్తులన్నీ ఉండాయి గదమ్మా, ఇంగేం?" అన్నాడు. నాలుగో గుర్తు దగ్గరున్న నా బావి తాడుకు అవతల పడింది.

అప్పుడు అయ్యవారి దగ్గరికి పోయి, కొంగులోంచి ఆరు గులకరాళ్లు తీసి బల్ల మీద పేర్చాను.

"ఏమక్కా, అచ్చనగాండ్లు ఆడను వచ్చినావా?"

"ఆడేది గని ఆసామి. నువ్వు నా పని సూడు అయ్యవారా."

ఆయన కళ్లజోడు పైకి తోసుకున్నారు. మిషను బడిలో పిల్లలకు చెప్పి చెప్పి, ముసలిదానికీ అట్లాగే చెప్పేవారు. "రాళ్లు ఆరుండాయి, దావ యాడుండాది? ఒగదానికీ ఇంగోదానికీ నడుమ 'అక్కడి నుంచి ఇన్ని అడుగులు' అని పెట్టి కలపల్ల. అంకెలు గూడా అక్షరాల్లోకి మార్చినాకనే కలపల్ల. అప్పుడు నడుమది ఎవురూ పీకలేరు."

ఆదివారం ప్రార్థన ముగించుకుని తానే నా పొలానికి వచ్చారు. ఎండలో రాసుకోలేక పది అడుగులకొక ముడి చొప్పున కండువా కుచ్చుకు వేసుకుంటూ నడిచారు. నేను వెనకాలే గని ఆసామిని, వాడి తాతను తిట్టుకుంటూ నడిచాను.

"అక్కా, రోంత నోరు మూసుకో. లెక్క మళ్లా మొదటికొచ్చె."

"నా శేన్లో నన్నే మాట్లాడొద్దంటావా?"

ఆయన నవ్వి, గుర్తు దగ్గరికి తిరిగిపోయి మళ్లీ మొదలుపెట్టారు. అట్లా మూడుసార్లు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. దుడ్లిస్తే, "అర్జీ ముగిసినాక సూద్దాం," అన్నారు.

మరుసటి వారమే గనివాళ్లు నాలుగో గుర్తు బండను, ఐదో గుర్తు బండను పగలగొట్టి లారీకెత్తారు. పోతే పోనీ, ముడుల లెక్క అయ్యవారి దగ్గరుంది కదా అనుకున్నాను. సాయిబు మాట విన్న ఆ సోమవారమే ఇంటికి పోయి ఆయన భార్యను అడిగితే, ఆ కండువా ఆయన మీదే కప్పి సమాధి చేశామని చెప్పింది. నేను ఆమెను ఏమనను? వెనకాలే నడిచిన నేను ఒక్క అంకె వినలేదు.

బుధవారం కచేరీలో నా హద్దు విచారణ. ఆయన రాసినంత వరకు కాగితం ఆమె నాకిచ్చింది. పక్కింటి కోడలు చదివింది. ఎక్కడా ఊపిరి తీసుకునే పని లేకుండా నా పొలం గట్టు వెంట నడిచినట్టే ఉంది.

"మూడో గుర్తు కాడికి నిలిచిపోయిందవ్వా," అని నా వేలు పట్టి అక్కడ పెట్టింది. ఆ చోట సిరా కొంచెం గరుకుగా తగిలింది. వేలు ముందుకు జరిపితే కాగితం నున్నగా ఉంది.