బూడిద కలిపిన అత్త

మా మేనత్త పొయ్యిలో బూడిద జల్లించి దాచేది. ఏ ఎరువైనా బూడిద కలపందే మిరపచేనుకు పోనిచ్చేది కాదు. కాయ గట్టిపడేది దానితోనే అనేది. బూడిదలో ఉండేది పొటాషని నేను తర్వాత చదివాను.

యుద్ధకాలంలో, నా పదకొండో ఏట, నాయన గిద్దలూరు నుంచి తెల్లటి సీమ ఎరువు, అమ్మోనియా, ఒక్క బస్తా తెచ్చాడు. ఆ ఏటి పంట మీద ఆశంతా దానితోనే. ఆయన అన్నం తిని వచ్చేలోగా అత్త దాన్ని కుప్ప పోసి, బూడిద కలిపి, నీళ్లు చిలకరించింది. ఘాటు లేచి మా కళ్లు మండిపోయాయి.

"ఏంది కలిపినావక్కా?"

"బూడిదేరా. సీమదైతే మాత్రం వద్దంటదా?"

"ఆ ఘాటే దాని బలం. అంతా గాలికి పోతా ఉంది."

తమ్ముడి ముందైనా తలమీది కొంగు జారనివ్వని మనిషి, దాన్ని లాగి కుప్ప మీద పరిచి, రెండు చేతులతో అదిమిపట్టింది.