కొత్త పలుపుతో గోదావరి ఒడ్డుకు

నా చేతిరాత వంకర, అక్షరాల్లో తప్పులు కూడా ఎక్కువే. ఊరి బడిలో అబ్బిన చదువు ఇంతే, దిద్దుకొని చదువుకోండి. ఈ 1986 వరద తీసిన తర్వాత గోదావరి ఒడ్డు ఊళ్లకు పోదామనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. మాది ధర్మసాగర్ దగ్గరి పల్లె. దసరాకు ముందు నా ఎడ్లజతలో ఒకటి రోగంతో పోయింది, యాసంగి దుక్కి ఆగేట్టుంది. ఏటూరునాగారం దిక్కు మేత లేక ఎడ్లను అగ్గువకు అమ్ముతున్నారని అంగట్లో విన్నాను. మా వైపు ఎద్దును అమ్మినవాడు పలుపు ఇవ్వడు, కొన్నవాడే తాడు తెచ్చుకోవాలి. మట్టెవాడలో కొత్త పలుపు కొని భుజాన వేసుకున్నాను.

హన్మకొండలో పొద్దున్నే మొదటి బస్సు ఎక్కితే ములుగు, తాడ్వాయి అడవి దాటి మధ్యాహ్నం లోపు ఏటూరునాగారం చేరుస్తుంది. టికెట్టు భారం కాదు, గుంతలే భారం. కండక్టరు చిల్లర ఇస్తూ నా భుజం చూశాడు. “ఏం బాపు, తాడేసుకొని పోతానవు! మునిగినోళ్ల ఎడ్లు జర అగ్గువకు దొరుకుతానయా?” బస్సంతా నవ్వింది. పలుపు తీసి సంచిలో కుక్కాను. కొస బయటికే ఉంది.

అక్కడి నుంచి ఒడ్డు ఊరికి గంటన్నర నడక. ఏటి అవతల అడవులు, అవి దాటితే మధ్యప్రదేశ్. మిరపతోటలు ఉండాల్సిన చోట మోకాలెత్తు ఇసుక మేట. గడ్డివాములు ఏట్లో కొట్టుకుపోయాయి. సమ్మయ్య అనే రైతు, అతని భార్య లచ్చమ్మ బక్కచిక్కిన ఎడ్లజతకు పలక కట్టి ఇసుక లాగుతున్నారు. నా సంచి చూసి సమ్మయ్య పని ఆపాడు.

“ఎద్దుకొచ్చినవా బాపు? ఎలపటిది, గీ కుడిదిక్కుది తీస్కపో. దాన్నమ్మితెనే రెండోదానికి మేత.”

“ఒంటెద్దుతోని ఇసుక తీస్తవా? కాడి ఎవరు మోస్తరు?” అంది లచ్చమ్మ.

“నువ్వున్నవు గదా!”

ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. జత విడిపోతే ఆ ఇసుక అక్కడే ఉంటుంది, ఈ ఏడు వాళ్లకు పంట లేదు. లచ్చమ్మ ముందుగా అన్నం పెట్టింది. “బియ్యం తడిసినయ్, వాసనొస్తది, ఏమనుకోకు బాపు” అని నన్నే మాఫీ అడిగింది. ముద్ద మింగడానికి సిగ్గేసింది. నిజం చెప్పడానికి నోరు రాక, ఎద్దు నచ్చలేదన్నాను.

బేరం కోసం అన్నాననుకున్నాడు సమ్మయ్య. ఎద్దు నోరు తెరిచి చూపించాడు. “పండ్లు చూడు, ఇంకా పడుచుదే. ఇంకింత తగ్గిస్త, సరేనా?” నా అబద్ధం అతని ఎద్దు ధరను ఇంకా దించింది. తల ఎత్తలేక అన్నాను: “అది కాదు కొడుకా, జత విడగొట్టకు. నేను కొనను.”

లచ్చమ్మ అడిగింది: “అట్లయితె మేత ఎవరు తెస్తరు బాపు?”

లేచి వచ్చేశాను. దారి పొడుగునా సిగ్గే. ఊరికే చూడడానికి వచ్చినా బాగుండేది, వాళ్ల కష్టం నాకు చవక అవుతుందని వచ్చాను. నా దుక్కికి పొరుగువాని ఎద్దును అడిగాను. నా వాములో సగం గడ్డి పంపుతున్నాను, అది చాలదు. పోయేవాళ్లు ఎండుగడ్డి గట్టిగా కట్టి, టార్పాలిన్ కప్పి పొండి. లారీ ఏటూరునాగారం దాకే పోతుంది, అక్కడి నుంచి బండి మాట్లాడుకోవాలి. మీ దగ్గర మిగులు గడ్డి ఉంటే నాకు ఒక కార్డు ముక్క త్వరగా రాయండి, సమ్మయ్య ఆ ఎద్దును ఇంకొకరికి చూపకముందే.