నర్సయ్య మామ ఇచ్చిన ఆకుపచ్చ చీర

గంజి పెట్టి వరండాలో ఆరేసిన నేత చీర వాసన ముక్కుకు తగలగానే ఈ ఉదయం నర్సయ్య మామ గుర్తొచ్చాడు. ఊరి వరసకు మామ. మోతెలో గొర్రెలు కాసేవాడు. ఊరూరా తిరిగి ఆడే మా నాటకం జట్టులో రాణి వేషం ఆయనదే. తన నలభైల చివర్లో, పద్దెనిమిదేళ్ల నాకు చెలికత్తె వేషం ఇప్పించి, చీర కట్టు నేర్పింది ఆయనే. "అద్దం సూసి కులుకుడు కాదురా, బిందె ఎత్తుకున్నట్టు నడువు" అంటూ సూర్యాపేటలో నిజంగానే నెత్తిన నీళ్ల బిందె పెట్టేవాడు, మహానుభావుడు! రోజూ చొక్కా తడిసేది.

కోదాడలో నా పరువు పోయింది. మా ఊరి ఆడవాళ్లలా గోచీ పోసి కట్టుకుని వస్తే, అక్కడి ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వారు. మర్నాడు మామ మేము దిగిన ఇంటి ఇల్లాలిని అడిగాడు. "అక్కా, గీడ కుచ్చిళ్లు ఎట్ల పెడ్తరో జర సూపియ్యి." ఆవిడ "మగాళ్లకి నేర్పడమేంటండీ, విడ్డూరం!" అంటూనే నేర్పింది.

అసలు గండం మిర్యాలగూడలో వచ్చింది. ఆట అయిపోయి తెల్లవారాక అందరూ రంగు కడుక్కున్నారు. నాకు మాత్రం చీర విప్పబుద్ధి కాలేదు. మద్దెల కొట్టే పెద్దాయన "ఆట ఖతమైంది గదరా, ఇంకేం రోగం? వీణ్ణి ఇంటికి తోలుండ్రి" అని అరిచాడు. సంగతి తెలిస్తే మా నాన్న గడప తొక్కనివ్వడు. మామ పక్కకు తీసుకెళ్లి "ఎప్పటి సంది?" అన్నాడు. "చిన్నప్పటి సంది" అని ఏడ్చాను.

ఆయన తన పెట్టె అడుగు నుంచి ఆకుపచ్చ నేత చీర తీశాడు. ఏ ఆటలోనూ దాన్ని చూడలేదు నేను. "గది ఆట చీర, విప్పెయ్. ఇది నాది. ఎవ్వరు లేనప్పుడు కట్టుకుంట. నువ్వుంచుకో, నాకు ఇంటికాడ ఇంకోటున్నది." తర్వాత పెద్దాయనతో "పిలగాడు ఏడికీ పోడు" అన్నాడు. మామ మాటే నెగ్గింది.

ఇరవైల్లో నాకు తళుకులు, చేతినిండా గాజులు కావాలి. నలభైల్లో నైలాన్ పిచ్చి, చెమటకు చచ్చేవాణ్ణి. సంగతి తెలిసి మా ఆవిడ నెల రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత "గా మెరుపు చీర నీకు మంచిగ లేదు" అంది. నిజమే. ఇప్పుడు నూలు చీర తప్ప ఒంటికి పడదు.

మామ పోయినప్పుడు మోతె వెళ్లాను. అత్త ఆయన పెట్టె తెరిచి "గుర్తుకు ఏమన్న తీస్కో బిడ్డా" అంది. రెండు ధోతులు, ఒక గొంగడి, వేషం గాజులు. అంతే.

"ఇంకో పెట్టె ఉందా అత్తా?"

"ఏడిది బిడ్డా, ఇదొక్కటే."

ఉన్న ఒక్క చీరా నాకిచ్చి, ఇంకోటుందని అబద్ధమాడాడు. వరండాలో ఆరుతున్నది అదే. మాసికలు చాలానే పడ్డాయి, ఇప్పటికీ కట్టుకుంటాను.