ఆరు మూరల క్యారియర్

ఇప్పుడంటే బొంగులూరు దగ్గర కాసేపు నిలబడితే చాలు, గుట్టలెక్కే బండ్లు నిగనిగలాడుతూ వరుసగా పోతుంటాయి. వాటి నెత్తిన కంపెనీవాళ్లు బిగించిన నల్లటి క్యారియర్లు ఉంటాయి, ఆ క్యారియర్ల మీద మాత్రం ఏమీ ఉండదు (ఒకసారి ఒకదాని మీద మడత కుర్చీ చూశాను, అదే ఎక్కువ). ఆ రోజుల్లో మా ఇంట్లో దీనికి సరిగ్గా తిరగబడి ఉండేది వ్యవహారం. మోయాల్సింది కొండంత ఉండేది, మోసే క్యారియరే లేదు. అది లేకపోతే మేమే చేసుకున్నాం. అది బండి టాపు కంటే పొడుగైంది. అవును, పొడుగే. ఇబ్రహీంపట్నంలో ఆ సంగతి చెప్పి నన్ను చూసి నవ్వని మనిషి లేడు గనుక, మొదటినుంచి చివరిదాకా ఏం జరిగిందో నేనే చెబుతాను. నవ్వేవాళ్లు మొత్తం విని నవ్వండి.

రాష్ట్రం వచ్చిన కొత్త. నాకు పంతొమ్మిదేళ్లు. ఏడో తరగతితోనే చదువు ఆపేసి, అప్పటికి నాలుగేళ్లుగా బస్టాండు రోడ్డులో పూలు అమ్ముతున్నాను. ఎకరంన్నర చెలకలో మా బాపు బంతి, చామంతి పండించేవాడు. ఆ పూలు పట్నం మార్కెట్‌కు తీసుకుపోవడానికని, ఎక్కడో కంకర పనిలో అరిగిపోయిన రేకు టాపు జీపు ఒకటి కొన్నాడు. కొన్నాక తెలిసింది, లోపల ఒకదాని మీద ఒకటి గంపలు పేరిస్తే కింది పూలు ఉడికిపోతాయని. రెండుసార్లు వాడిన పూలు దించాక బాపు మళ్లీ ఆటోకే తిరిగిపోయాడు. జీపు ఇంటి ముందు నిలబడిపోయింది. దాని కింద కోళ్లు పడుకునేవి. బాపు రోజూ పొద్దున ముఖం కడుక్కుంటూ దాన్ని చూసి ఒకే మాట అనేవాడు. "దీనికంటె బర్రె నయం. పెండన్న పెడతది."

చివరికి మహేశ్వరం నుంచి ఒకాయన వచ్చి, టైర్లు తన్ని చూసి, సద్దుల బతుకమ్మ నాడు వచ్చి తోలుకపోతానని మాట ఇచ్చి వెళ్లాడు. నాకు దాన్ని పోనివ్వాలని లేదు. ఎందుకంటే ఆ జీపును చెలకలో తిప్పుతూ నేను స్టీరింగు నేర్చుకున్నాను, అది నా మాట వింటుంది. దానికి పని లేకపోవడం దాని తప్పు కాదు, పని చూపించని మాది. అప్పటికే మా చుట్టుపక్కల గునుగు పూసే బీళ్లన్నీ ప్లాట్ల రాళ్లయిపోయాయి. కొంగరకలాన్ వైపు ఒకప్పుడు చేతికందినంత తంగేడు ఉండేది, అప్పటికి అక్కడ కంచె పడింది. బతుకమ్మ పేర్చాలంటే గునుగు, తంగేడు గుట్టల అవతలనుంచి తేవాలి. అక్కడికి ఆటో పోదు. ఆటో పోని చోటికి పోయేది మా జీపు ఒక్కటే. ఈ సంగతి బాపుతో చెప్పాను.

"సద్దుల దాక ఆగు బాపు. గుట్టల కెల్లి ఒక్క బండి పువ్వు దించుత. దించకపోతే ఆయన చేతిల తాళం నేనే పెడ్త."

"గునుగు ఏడ పెడ్తవ్? లోపల రెండు గంపలకే నిండుతది."

"నెత్తి మీద పెడ్త."

"ఎవ్వరి నెత్తి మీద?"

"జీపు నెత్తి మీద."

బాపు తువ్వాలతో ముఖం తుడుచుకుని, సరే అనలేదు, వద్దు అనలేదు. జీపు తాళం తీసి అంగీ జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. అదే ఆయన జవాబు.

మా పక్కింటి పెద్దనాయన బర్రెలను అమ్మేసి పశువుల షెడ్డు పీకించాడు. దాని ఇనుప పైపులు గోడకు ఆనించి ఉంటే, అడిగీ అడగకముందే తీసుకుపోమన్నాడు. మా అన్న, నేనూ వాటిని రాళ్లతో రుద్ది తుప్పు వదిలించాం. మా అన్న మనిషి పొడుగు, మాట పొట్టి. ఏ పని చెప్పినా చేస్తాడు, ఎందుకని అడగడు (అలాంటి అన్న అందరికీ ఉండాలి). ఇక కొలత తీయాలి. జీపును వెల్డింగు షాపుకు తీసుకుపోదామంటే తాళం బాపు జేబులో ఉంది. ఇంట్లో టేపు లేదు. పక్కింట్లో అడగొచ్చు, కానీ నేను అడగను. నాలుగేళ్లుగా బజారుకు మూరలు కొలిచిపోసినదాన్ని, నాకు టేపు ఎందుకు? స్టూలు ఎక్కి జీపు టాపు మీద ముందునుంచి వెనక్కి చెయ్యి చాపి కొలిచాను. సరిగ్గా ఆరు మూరలు. అడ్డం కొలవడానికి చెయ్యి అందక, ఒక కందికట్టె పెట్టి సరిపోయినంత విరిచాను.

వెల్డింగు షాపాయనది గోదావరి వైపు. ఊరంతా బాబాయ్ అనే పిలిచేది. నేను కందికట్టె చేతిలో పెట్టి, పొడుగు ఆరు మూరలు అని చెబితే ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తుకున్నాడు.

"మూరలేంటమ్మాయ్? నేను దీన్ని వెల్డింగు చెయ్యాలా, నీ జడలో తురమాలా?"

"గా మూరలతోనే మా పొయ్యి మండుతది బాబాయ్. ఆరు మూరలంటే ఆరు మూరలే. నువ్వు కొయ్యి."

ఆయన నవ్వుకుంటూ, మూరంటే పద్దెనిమిది అంగుళాలు, తన తాత చెప్పిన లెక్క అని గొణుక్కుంటూ టేపు తీశాడు. నాకు ఆ గొణుగుడు వినపడింది. వినపడినా దానివల్ల నాకేం నష్టమో అప్పుడు తట్టలేదు. రెండు రోజుల్లో ఫ్రేము తయారైంది. చుట్టూ జానెడెత్తు కమ్మీలు, కింద ఆరు కాళ్లు, కాళ్ల కింద టాపు గీసుకుపోకుండా మేము కోసి ఇచ్చిన పాత ట్యూబు ముక్కలు. అడుగు భాగం నేనే నైలాను తాడుతో మంచం అల్లినట్టు బిగువుగా అల్లాను. అల్లుతుంటే బాపు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, తాడు ఒకచోట లాగి చూసి పోయాడు.

దాన్ని జీపు మీదికి ఎక్కించిన రోజు వాడకట్టులో సగం మంది ఉన్నారు. అన్న ఒక పక్క, పెద్దనాయన ఒక పక్క పట్టి ఎత్తారు. వెనక సరిపెట్టారు. అడ్డం అచ్చంగా కుదిరింది. ముందుకు వచ్చేసరికి టాపు అయిపోయింది గానీ క్యారియర్ అయిపోలేదు. అద్దం దాటి, బానెట్ మీదికి, ఎండకు అడ్డం పెట్టుకున్న అరచెయ్యిలా నిలబడింది. అన్న కిందికి దిగి, నాలుగడుగులు వెనక్కి వేసి, తల వంచి చూసి, ఎంతో బాధగా అన్నాడు. "చెల్లె, బండి సరిపోలే."

నేను నేరుగా వెల్డింగు షాపుకు పోయాను. పోతూ పోతూ ఏమేం తిట్టాలో వరుసగా పెట్టుకున్నాను కూడా. బాబాయ్ ఒక్క మాట ఎదురు చెప్పకుండా నాతో పాటే వచ్చి క్యారియర్‌కు టేపు పట్టాడు. తొమ్మిది అడుగులు. ఆరు మూరలకు వెంట్రుక తేడా లేదు. తర్వాత నా వైపు తిరిగి, "ఏదమ్మా, నీ మూర చూపించు" అన్నాడు. అంతమందిలో చెయ్యి చాపాను. మీకు తెలుసో లేదో, పూలు కొలిచేవాళ్లు చెయ్యి పూర్తిగా చాపరు. మోచేతిని నడుముకు ఆనించి, మణికట్టు లోపలికి కాస్త వంచి, దండ కొసను వేళ్ల మధ్య దాచిపెడతారు. మా నాయనమ్మ నాకు నేర్పిందే అట్లా. తప్పని తెలిసి చేశావా అని అడిగితే, తెలుసనీ చెప్పలేను, తెలియదనీ చెప్పలేను. చెయ్యికి అలవాటు. బాబాయ్ టేపు పెట్టి చదివాడు, పదిహేను. మూరకు మూడంగుళాలు తక్కువ. జీపు టాపు మీద కూడా నా చెయ్యి బేరానికే కూర్చుంది.

నా ఖర్మకొద్దీ అక్కడే మా వాడకట్టు లెక్కల టీచరమ్మ నిలబడి ఉంది. ప్రతి శుక్రవారం నా దగ్గర మల్లెలు కొనే మనిషి. ఆమె ముందు క్యారియర్‌ను చూసింది, తర్వాత నా చెయ్యిని చూసింది, తర్వాత తన జడ తడుముకుంది.

"మూరకు మూడంటే ఆరింటికి పద్దెనిమిది. అంటే ఆరు మూరలు కొన్నప్పుడల్ల ఒక మూర నీ దగ్గర్నే ఉండిపోయింది. నాలుగేండ్ల నా పువ్వు అంత గీ జీపెక్కింది గదనే."

వాడకట్టంతా ఒక్కసారి నవ్వింది. ఇప్పటి నేనైతే అక్కడే చేతులు జోడించేదాన్నేమో. అప్పుడు మాత్రం నడుము మీద చెయ్యి పెట్టుకున్నాను. "చెయ్యి దేవుడిచ్చిండు టీచరమ్మ. పొడుగు సాలకపోతే పోయి ఆయన్నడుగు" అన్నాను. అని, లోపలికి పోయి, తలుపు వేసుకుని, దిండులో ముఖం పెట్టి ఏడ్చాను (ఈ ముక్క ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు).

సాయంత్రం బాపు వచ్చి గడప మీద కూర్చున్నాడు. బజారులో ఎవరు ఎదురైనా చెయ్యి చాపి చూపిస్తున్నారట. "ముందలి మూరెడు కోపిచ్చెయ్యి బిడ్డ, నవ్వులపాలైతున్నం" అన్నాడు. కొయ్యనన్నాను. కోస్తే నవ్వు ఆగదు, కోసిన ముక్కను చూసి మళ్లీ నవ్వుతారు, తప్పు నాదైతే అది అందరికీ కనబడేట్టు నెత్తి మీదే ఉండనీ అన్నాను. మర్నాడు పొద్దున చూస్తే వెల్డింగు బాబాయ్ మా ఇంటి ముందు ఉన్నాడు. కొయ్యకపోతే కొయ్యవద్దు గానీ, ఊపుకు ముందు భాగం విరిగి బానెట్ మీద పడుతుందని, బంపరు మీదికి రెండు ఏటవాలు పైపులు దించి అతికించాడు. ఎవరు పిలిచారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

సద్దులకు ముందు రోజు పొద్దున్నే గుట్టలకు బయలుదేరాం. తాళం తన జేబులో ఉందనే నెపంతో బాపు కూడా ఎక్కాడు. నిజానికి ఆయన వచ్చింది నా ఓటమిని కళ్లారా చూడటానికి. తారు రోడ్డు మీద అన్న నడిపాడు, రాళ్ల దారి మొదలయ్యాక నేను కూర్చున్నాను. క్యారియర్ ప్రతి గుంతకూ కిర్రుమంది, నైలాను తాడు ఉయ్యాలలా ఊగింది, కాళ్లు మాత్రం కదలలేదు. గుట్ట వెనక బీడు మొత్తం తెల్లగా గునుగే. పక్కన పచ్చగా తంగేడు. మధ్యాహ్నం దాకా కోశాం. కోసినంతా కట్టలు కట్టి పైకి విసిరితే అన్న పేర్చాడు. టాపు నిండాక, ముందుకు పొడుచుకొచ్చిన మూరెడు కూడా నింపమన్నాను. దాన్ని ఎందుకు ఖాళీగా ఉంచాలి?

అక్కడే మళ్లీ పప్పులో కాలేశాను. బండి కదిలిందో లేదో, ఆ ముందు కట్టల గునుగు కంకులన్నీ జారి అద్దం మీద తెరలా దిగాయి. నాకు దారి కనబడలేదు. తీసేద్దామని అన్న అంటే, కోసిన పువ్వు ఒక్కటి కూడా వదలనని నేను భీష్మించాను. అప్పుడు బాపు దిగాడు. తువ్వాలను చేతిలోకి తీసుకుని బండి ముందు నడవడం మొదలుపెట్టాడు. ఎడమకు ఊపితే ఎడమకు, కుడికి ఊపితే కుడికి, కంకుల సందుల్లోంచి ఆ తువ్వాలను చూసుకుంటూ గుట్టంతా నేను బండి దించాను. నా ఓటమి చూడటానికి వచ్చిన మనిషి చెమటలు కక్కుతూ నాకు దారి చూపించాడు. కింద చేనులో పని చేస్తున్న ఒక ముసలమ్మ, పూలతో కప్పిన బండి, ముందు నడుస్తున్న మనిషి చూసి, ఏదో దేవుడి ఊరేగింపు అనుకుని చెంపలేసుకుని దండం పెట్టింది. బాపు ఒక్క క్షణం ఆలోచించి, తిరిగి దండం పెట్టాడు.

సద్దుల రోజు బస్టాండు రోడ్డులో జీపు నిలబెట్టాం. గునుగు, తంగేడు కట్టలు చూస్తుండగానే తరిగిపోయాయి. ఇక బంతి దండలు మిగిలాయి, గుమ్మాలకూ దసరాకు బండ్లకూ కట్టేవి, మూర లెక్కన అమ్మేవి. ఒక్కొక్కరూ వచ్చి దండను కాక నా చెయ్యిని చూస్తున్నారు. నవ్వుతున్నారు. ఇక ఊరుకోలేదు. దండను తీసి, క్యారియర్ ముందుకు పొడుచుకొచ్చిన ముక్క ఉంది చూడండి, దానికి ఆ కొసనుంచి ఈ కొస దాకా పట్టి కొలిచాను. మూరకు మూడంగుళాల చొప్పున నేను తగ్గించినవన్నీ కలిసి అక్కడ అచ్చమైన ఒక మూరై నిలబడి ఉన్నాయి మరి. "నా చెయ్యి వద్దు, ఇగో ఇనుప మూర. ఎవరి టేపు వాళ్లు తెచ్చుకోండ్రి" అని కేకేశాను.

నిజంగానే తెచ్చింది టీచరమ్మ. సంచిలోంచి టేపు తీసి, పెట్టి, కళ్లద్దాలు సర్దుకుని చదివింది. పద్దెనిమిది. ఆమె ముఖంలో నవ్వు లేదు, కోపం లేదు, లెక్క సరిపోయినప్పుడు వాళ్లకు వచ్చే తృప్తి ఉంది. "ఇనుప మూరతోని నాలుగియ్యి. నీ మూరతోని ఒకటి కొసరెయ్యి" అంది. వేశాను. ఆమె వెనక నిలబడ్డవాళ్లు కూడా కొసరు అడిగారు. వాళ్లకూ వేశాను. ఎండ వాలకముందే దండలు అయిపోయాయి.

మహేశ్వరం ఆయన వచ్చేసరికి జీపు చుట్టూ తంగేడు ఆకులు తప్ప ఏమీ మిగల్లేదు. ఆయన క్యారియర్‌ను అటునుంచి ఇటునుంచి చూసి, తనకు టెంటు హౌసు ఉందనీ, ఈ పొడుగు తన గుంజలకు బ్రహ్మాండంగా పనికొస్తుందనీ, అనుకున్నదానికంటే ఎక్కువే ఇస్తాననీ అన్నాడు. బండి పువ్వు దించుతానన్నాను, దించాను. కానీ దించితే బండి ఉంచుతానని బాపు ఏనాడూ అనలేదని అప్పుడు గుర్తొచ్చింది.

బాపు జుట్టులో ఇరుక్కున్న గునుగు కంకి పీకి కింద పారేశాడు.

"బండి నాదే. గని దాని నెత్తి పిల్లది. పిల్లనడుగు."

ఆయన నా వైపు తిరిగాడు. "అమ్మం" అన్నాను. ఆయన మళ్లీ బాపు వైపు చూశాడు, పెద్దమనిషి మాట ఇంకేదైనా ఉంటుందేమోనని.

"ఇన్నవ్ గద" అన్నాడు బాపు.

ఆ జీపు ఇంకో నాలుగు పండుగలు చూసి, ఇంజను పూర్తిగా చేతులెత్తేశాక ఇనుము కింద పోయింది. నాకిప్పుడు ముప్పై దాటాయి. ఇంట్లో ఒక వస్తువు కొనాలన్నా అమ్మాలన్నా నలుగురం కూర్చుంటాం, మంచీ చెడూ మాట్లాడుకుంటాం, ఎవరూ నొచ్చుకోకుండా చివరికి నేనే సర్దుకుపోతాను. పెద్దరికం అంటే ఇదేనని అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకున్న ప్రతిసారీ, నడుము మీద చెయ్యి పెట్టుకుని ఒక పంతొమ్మిదేళ్ల పిల్ల నా లోపల నిలబడి నన్ను కింది నుంచి మీది దాకా చూస్తుంది. ఏం చెయ్యమంటవే, అందరికీ నీలెక్క సాగుతదా, అని అడుగుతాను. అది మూతి తిప్పుకుంటుంది. తిప్పుకోనీ, దాని పొగరు చల్లగుండ.