చెరో పుల్ల

ఒక లేతు మిషను మేస్త్రికి పక్షవాతం వచ్చి ఎడం చెయ్యి పడిపోయింది. వేళ్ళకి పని చెప్పమని డాక్టరు అంటే, కూతురు టీవీకి తగిలించే ఆట ఒకటి కొనిచ్చింది. దాని రిమోటుకి వేలితో తిప్పే రెండు పుల్లలు. ఎడం పుల్లతో రోబో బొమ్మ నడుస్తుంది, కుడి పుల్లతో గదిగదికీ మీదపడే శత్రువుల్ని కాలుస్తుంది. ఆయన ఎడం వేలు కదలదు కాబట్టి ఆ పుల్ల పెళ్ళాం పట్టుకుంటుంది, ఇద్దరూ భుజాలు రాసుకుని కూచుంటారు. బొమ్మకి కాళ్ళూ చేతులూ మనమే బిగించాలి. ఆవిడ పెద్ద ఫిరంగి పెట్టమంటుంది. "ఆ భుజం అంత బరువు మొయ్యదే, నీకేం తెలుసు," అంటాడు, ముప్పై ఏళ్ళు ఇనుము కోసినవాడు కదా. బొమ్మ చస్తే బిగించిందంతా పోయి మళ్ళీ మొదటి గదే. "మీ వేలు కదిలిన రోజున నేను బట్టల కొట్టుకి పనికి పోతా, మీ చాకిరీ వదులుతుంది," అని దెప్పుతూనే రోజూ ఆ వేలికి నూనె రాస్తుంది.

మొన్న కూరగాయలకని బయల్దేరి, సంచి మర్చిపోయి వెనక్కొచ్చింది. గుమ్మంలోంచి చూస్తే ఆయన రెండు పుల్లలూ తనే తిప్పుతూ, ఇద్దరూ ఎన్నడూ చేరని ఆఖరి గదిలో ఉన్నాడు. ఎడం వేలు చక్కగా ఆడుతోంది. అంతలో ఆవిడ చెప్పు చప్పుడైంది. ఆయన గబుక్కున ఎడం చెయ్యి ఒళ్ళో పడేశాడు, బొమ్మ ఉన్నచోటే ముక్కలైంది.

"నువ్వు లేకపోతే ఇది ఒక్క అడుగు వెయ్యదే," అన్నాడు టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, రెండూ మింగేసింది.

"ఎలా వేస్తుంది మరి, కాస్త జరగండి," అని పక్కన కూచుని ఎడం పుల్ల అందుకుంది.