సింహాచలం మావయ్య కొలబద్ద

సింహాచలం మావయ్యకు మనుషుల ముఖాలు గుర్తుండేవి కావు. వాళ్ళ కళ్ళు నేలకు ఎన్ని అంగుళాల ఎత్తులో ఉన్నాయో మాత్రం గుర్తుండేది.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, తెలుగువాళ్ళుండే వీధుల గోడల మీద హెచ్చరికలు రాయడం ఆయన డ్యూటీ. రాసే ముందు వెదురు బద్ద పట్టుకుని ఎదురొచ్చినవాణ్ణి ఆపేవాడు. "నిటారుగా నిల్చో. గెడ్డం దించు. అచ్ఛా, యాభై ఎనిమిది." ఒక పెళ్ళిలో అక్షింతలు వేయడానికెళ్ళి పెళ్ళికొడుకుని కొలిచాడు. ఆ తర్వాత ఆర్నెల్లు భార్య కనకమహాలక్ష్మి ఆయన్ని ఏ పెళ్ళికీ తీసుకెళ్ళలేదు.

సారా దుకాణం దగ్గర "తాగుడు మానండి" అని గోడకు అట్టడుగున, మురిక్కాలువ అంచున రాశాడు. ఆఫీసరు మండిపడ్డాడు.

"అక్కడెవడు చదువుతాడయ్యా?"

"పడ్డోడు చదువుతాడు సార్. నిలబడ్డోడు ఎలాగూ వినడు."

కుటుంబ నియంత్రణ ప్రచారం వచ్చినప్పుడు సెలూన్ కప్పుకి లోపలివైపు రాశాడు. గెడ్డానికి నురగ, మెడ మీద కత్తి. తల వాల్చినవాడు మూడుసార్లు చదివి గానీ లేవడు.

మాధవీలత ఆ కాలనీలోనే పెరిగింది. ఇప్పుడు ఊళ్ళోనే, సర్కండా పేటలో ఒక ప్రకటనల సంస్థలో పనిచేస్తోంది. పట్టాల వైపు వెళ్ళే అడ్డదారిలో పెద్ద డిజిటల్ తెర పెట్టించింది. హెల్మెట్, ఓటు, డెంగీ, పట్టాలు, పది సెకన్లకొకటి. వెనక శుభ్రంగా కనబడాలని కాలనీ గోడకు సున్నం వేయించింది. ఆ గోడ మీద, పెద్దవాళ్ళ నడుము ఎత్తులో, "ఆగు. రెండు వైపులా చూడు" అని పాత రాత ఒకటి ఉండేది. మావయ్య తప్పుల్లోకెల్లా పెద్ద తప్పని కాలనీ అంతా నవ్వేది. తనూ నవ్వింది.

తెర ప్రారంభానికి పిలవడానికి ఆయన ఇంటికి వెళ్ళింది.

"ఎంతెత్తమ్మా?"

"పద్దెనిమిది అడుగులు మావయ్యా."

"ఏటి, ఒంటెలకా?"

వంటింట్లో కనకమహాలక్ష్మి నవ్వు వినబడింది. మాధవీలత మాట మార్చడానికి మూలనున్న బద్ద అందుకుంది. బద్ద మీది గాట్లు వేళ్ళకు తగిలాయి. ప్రతి గాటు పక్కనా ఒక పేరు. రమణమూర్తి, సారా దుకాణం, పడుకుని. అప్పయమ్మ, కుళాయి, కూర్చుని. ముప్ఫై ఎనిమిది అంగుళాల దగ్గర: మాధవి, పట్టాలు.

"ఇదేటి మావయ్యా?"

"ఆరేళ్ళప్పుడు మీ నాన్నకి షెడ్డుకి కేరేజీ పట్టుకెళ్ళేదానివి కాదేటి? గోడ సందులోంచి పట్టాల మీదికి ఒకటే పరుగు. మీ అమ్మకి చెప్తే తంతాదని, గోడకి చెప్పాను."

ఆమెకు గుర్తొచ్చింది. రోజూ ఆ గోడ దగ్గర ఆగేది. అక్షరం అక్షరం కూడబలుక్కునేది. చదవడం అయ్యేలోపు ఒక్కోసారి గూడ్సు వెళ్ళిపోయేది.

"ఆ గోడకి నేనే సున్నం వేయించాను మావయ్యా."

"సూశాను. తెల్లగా ఉంది."

ఆయన తిట్టుంటే బాగుండేదనిపించింది ఆమెకు.

"మళ్ళీ రాయవా?"

"నువ్వు పెరిగిపోయావు కదమ్మా. ఇప్పుడెవరి కళ్ళు ఎక్కడున్నాయో సూడాలి."

వారం రోజులు ఆయన గోడ ఎదుట కుర్చీ వేసుకుని, ఒళ్ళో బద్దతో కూర్చున్నాడు. తెర ప్రారంభానికి వచ్చినవాళ్ళందరూ ఆయన్ని చూసి నవ్వారు. మాధవీలత నవ్వలేదు.

సోమవారం ఉదయం ఆమె ఫోన్లో మెసేజీ చదువుకుంటూ ఆ దారినే నడుస్తోంది. తల మీద తెర డెంగీ గురించి చెబుతోంది. ఫోనుకీ చెప్పులకీ మధ్య, సిమెంటు నేల మీద, ఇంకా ఆరని రంగు అక్షరాలు కనబడ్డాయి. హిందీలో ఒకటి, తెలుగులో ఒకటి. ఆగు.

ఆగింది. రెండు వైపులా చూసింది.

కుర్చీలో మావయ్య బద్ద అడుగుకొసన కత్తితో గాటు పెడుతున్నాడు.

"ఎవరిది మావయ్యా?"

"అందరిదీనమ్మా."

"ఎంతొచ్చింది?"

"సున్నా."