కాల్వలో పారబోసిన చేపలు

మద్రాసులో, తొంభై ఏడు నాటి మాట ఇది. తొండియార్‌పేటలో మా ఇంటి వెనకాల, పెరడు అనేంత చోటు లేకపోయినా, గోడవారన సిమెంటు తొట్లు వరసగా ఉండేవి. వాటిలో గప్పీలు పెంచి, రంగుచేపలమ్మే షాపులవాళ్ళకు పోసేదాన్ని. గప్పీ అంటే చిటికెనవేలంత కూడా ఉండని చేప. గుడ్డు పెట్టదు, పిల్లల్నే ఈనుతుంది. మా ఆయన హార్బర్‌లో మూటలు మోసి మోసి పోయినాక మా ఇంట్లో పొయ్యి వెలిగించింది ఈ చేపలే. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. చేపల గురించి తెలిసిందంతా తొట్ల పక్కన కూచుని తెలుసుకున్నదే.

నా సరుకు ఎర్రతోక. మగచేప తోక విసనకర్రలాగా విచ్చుకుని కుంకం రంగులో మెరిసేది. అది ఊరికే రాలేదు. ప్రతి ఈతలోనూ అన్నిటికన్నా మంచి తోకున్న మగదాన్ని ఒక్కదాన్నే ఏరి, దాని అక్కచెల్లెళ్ళ తొట్టిలో వదిలేదాన్ని. తర్వాత దాని కూతుళ్ళకూ అదే మగడు. దీన్ని మా పనిలో లైన్ బ్రీడింగ్ అంటారు, ఒకే ఇంటి చేపల్ని ఇంట్లోనే కలపడం. బయట చేపను నా తొట్లలో పడనిచ్చేదాన్ని కాదు. మిగిలినవి, బూడిదరంగువి, తోక చీలినవి, ఏరి పారేసేదాన్ని. దానికి పేరు కల్లింగ్. బకెట్లో వేసి వీధి కాల్వలో పారబోస్తే ఆ పని అయిపోయినట్టే. అమ్ముడుపోనిదానికి మేత వెయ్యను. మనుషులకూ అదే రూలని మా కోడలు కనక మూతి తిప్పుకునేది.

ఆ ఎండాకాలంలో ప్రమీల అనే పిల్ల మా ఇంటికి వచ్చింది. రాయపురంలో మనవాళ్ళ పిల్లే. కాలేజీలో జంతుశాస్త్రం చదివి, ఒక చిన్న కంప్యూటర్ కంపెనీలో ఆట తయారుచేస్తా ఉంది.

"ఏం ఆటమే? కాల్చేదా, దూకేదా?" అన్నాను.

"రెండూ గాదవ్వా. చేపలు పుడతాయి, తింటాయి, పిల్లల్ని పెడతాయి, చస్తాయి. ఆడేవాళ్ళు నీళ్ళు మార్చొచ్చు, మేత తగ్గించొచ్చు, పెద్ద చేపను వదలొచ్చు. చేపలు మాత్రం వాళ్ళ మాట వినవు. తరాలు పోయేకొద్దీ వాటంతట అవే మారతాయి."

"మాట వినని చేపలతో ఆటేందిమే? అవి నా దగ్గర కావలసినన్ని ఉండాయి."

"అందుకే ఈడికి వచ్చినా. నిజం చేప ఎట్ట బతుకుతుందో నా చేపా అట్టే బతకాల."

నిజంలో జరిగేదాన్ని మిషన్లో అట్లే జరిపించడాన్ని సిమ్యులేషన్ అంటారని చెప్పింది. నాకు ఆ పిల్ల పట్టుదల నచ్చింది. అయితే మా ఇంట్లో ఎవరినీ ఊరికే కూచోనియ్యను. "తొట్టి తోముతా అడుగు, చెప్తా" అన్నాను. కొబ్బరిపీచు తీసుకుని, చుడీదారు పైకి చెక్కుకుని, పాచి తోముతా అడిగింది. తల్లి పిల్లల్ని తింటుందా? ఆకలైతే తింటుంది. ఆడది ఏ మగదాని వెంట పోతుంది? మెరిసేదాని వెంట. మెరిసేదాన్ని పెద్ద చేప ముందు తినదా?

"ఈడ పెద్ద చేప ఎవురు? నేనే" అన్నాను. కనక పక్కనుంచి కిసుక్కుమంది.

కూతుళ్ళకూ అదే మగచేప అని నేను చెప్పినప్పుడు మాత్రం ప్రమీల చెయ్యి ఆగింది. "ఎన్నేళ్ళ నుంచి ఇట్ట, అవ్వా?"

"చేపలకు వరసలేందిమే? మనలో మేనరికాలు లేవా? నేను చేసుకుంది మా అమ్మ తమ్ముణ్ణే గదా."

"అది ఒక్కసారి అవ్వా. ఇది ప్రతిసారీ."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

ఆడి మాసం, అదే మన ఆషాఢం, పోయినాక నన్ను తన ఆఫీసుకు తీసుకుపోయింది. చల్లగా ఉన్న చిన్న గదిలో మిషన్ ముందు కూచోబెట్టింది. తెర మీద రెండు తొట్లు. ఒకదాంట్లో చేపలు తలా ఒక రంగు, తలా ఒక వాటం. రెండోదాంట్లో అన్నీ ఎర్రతోకలే. నేను ఏరే పద్ధతినే ఆటకు నేర్పించానంది. నా చేపల్ని గాజుకవతల చూస్తున్నట్టే ఉంది. గర్వమే కలిగింది, దాచుకోవడం ఎందుకు.

"ఇప్పుడు రెండింట్లోనూ రోగం వదుల్తా, చూడవ్వా."

ఎర్రతోకల్లో ఒకటి తోక ముడుచుకుంది. దాని పక్కది ముడుచుకుంది. నేను చూపు ఆనక ముందుకు జరిగేలోపల తొట్టి సగమైంది. ఆ తర్వాత ఉత్త నీళ్ళు. తలా ఒక రంగున్న తొట్టిలో చాలా చచ్చాయి, కొన్ని మిగిలాయి. మిగిలినవి పిల్లల్ని పెట్టాయి. తొట్టి మళ్ళీ నిండింది.

"ఇంకోసారి ఆడించు" అన్నాను. ఆడించింది. మళ్ళీ ఉత్త నీళ్ళే. ఇంకోసారన్నాను. అప్పుడూ అంతే.

"ఒక్కటన్నా ఎందుకు మిగల్లేదుమే?"

"అన్నీ ఒక్క మాదిరివే గదవ్వా. వీధిలో ఇళ్ళన్నిటికీ ఒకే తాళంచెవి అయితే దొంగకు పనెంత?"

"నీ ఆట తప్పయితే?"

"అయ్యుండొచ్చు. రోగానికి ఎంత బలం ఉండాలో లెక్క నేనే వేసినా. ఇది జోస్యం గాదు." గొంతు తగ్గించి అంది, "అట్లని తప్పని కూడా చెప్పలేనవ్వా."

ఇంటికొచ్చి కాళ్ళన్నా కడుక్కోకుండా తొట్ల దగ్గరికి పోయాను. వెన్ను వంకరపోయిన పిల్లలు ఈ మధ్య ఎక్కువగా పుడుతున్నాయి. ఈత ఈతకూ పిల్లలు తగ్గుతున్నాయి. కొళాయి నీళ్ళు ఉప్పగా వస్తున్నాయని, మేతపురుగు మంచిది కాదని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఏ తొట్టి మూత తీసినా ఆ వంకర వెన్నులే కనబడేవి. చేపలు బాగా ఈదుతుంటే ఇంకా భయం. తెర మీద కూడా అవి చివరిదాకా బాగానే ఈదాయి.

"కంప్యూటర్లో చేపలు చస్తే ఈడ మనం దినాలు చెయ్యాల్నా అత్తా?" అని కనక ఎకసెక్కం చేసింది. నేనూ కసిరాను. అన్నం మాత్రం లోపలికి పోలేదు.

కార్తీకంలో వాన పట్టుకుంది. ఒక పొద్దున గోడ చివరి తొట్టి మూత తీస్తే, మగచేపలన్నీ తడిసిన గొడుగుల్లాగా తోకలు ముడుచుకుని నీటి పైన వేలాడుతున్నాయి. ముందుకు పోవు, వెనక్కి రావు, ఉన్నచోటే వణుకుతున్నాయి. మూతుల మీద తెల్లటి పొర. కల్లుప్పు వేశాను. నీళ్ళు మార్చాను. మేత ఆపాను. మర్నాటికి పక్క తొట్టి పట్టుకుంది. ఆ పై దినం ఇంకోటి. ప్రమీల ఆటలో చూసిన వరసే. కనక ఇప్పుడు ఎకసెక్కం చెయ్యలేదు. చచ్చినవాటిని జల్లెడతో తీస్తా, "ఏం చేద్దాం అత్తా?" అంది. ఏనాడూ నన్ను అడిగి ఏమీ చెయ్యని మనిషి అట్లా అడిగింది. ఈ తొట్లు ఎండితే మా ఇంటికి ఇంకో దారి లేదు.

కబురు పెడితే ప్రమీల తడుస్తా వచ్చింది. ఒక్కొక్క తొట్టి మూతా తీసి చూసింది.

"ఆ రోజు తెర ఖాళీ అయినప్పుడు నా ఆట సరిగ్గా పనిచేస్తుందని సంతోషపడినానవ్వా" అంది.

"ఏడుపు తర్వాత. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

"వేరే రక్తం కలపాల. ఇంకెవురి దగ్గరన్నా గప్పీలు..."

"ఈ చుట్టుపక్కల పెంచేవాళ్ళందరూ నా దగ్గర కొన్నవాళ్ళే. అవీ ఇవే."

కనకే అంది, "కాల్వలో పోసినవి బతికుంటాయా అత్తా?"

ఏళ్ళ తరబడి ఆ కాల్వలో బకెట్లు బకెట్లు పోశానుగాని, ఒక్కనాడూ వంగి చూసింది లేదు. వాన తెరిపిచ్చినాక ముగ్గురం పోయాం. కల్వర్టు కింద, నల్లటి నీళ్ళలో, పాలకవర్ల మధ్య అవి ఉన్నాయి. బూడిదరంగు, పొట్టి తోకలు. దోమపిల్లల్ని తింటాయని కార్పొరేషన్‌వాళ్ళు వదిలిన గప్పీలతో ఎప్పుడో కలిసిపోయుంటాయని ప్రమీల అంది. నా తొట్లలో చేపలు నా నీడ పడితే మేతకని పైకి వస్తాయి. ఇవి నా నీడ పడగానే మాయమయ్యాయి. వల వేసి వేసి నడుము పడిపోయింది.

వీటితో ఇంకో రోగం ఇంట్లోకి వస్తే? ఆ భయం నాకే ముందు పుట్టింది. కనక తేల్చి చెప్పింది, "రోగం నీళ్ళలోనే వెయ్యి అత్తా. ఓర్చుకోలేనివి ఆడే తేలిపోతాయి." దాని మాట వినడం నాకు అలవాటు లేదు. ఆ రోజు విన్నాను. జబ్బు తొట్టి నీళ్ళు ఒక డ్రమ్ములో పోసి, ఒక జబ్బు చేపను కూడా వేసి, కాల్వవాటిని అందులో వదిలాం. కొన్ని చచ్చాయి. ఎక్కువ భాగం ఏమీ పట్టనట్టు గోడకున్న పాచి గీక్కుని తిన్నాయి.

ఇక కలపడం. ఎర్ర రంగు తండ్రి నుంచి కొడుక్కు పోతుంది కాబట్టి మగది మనది, ఆడది కాల్వది కావాలని ప్రమీల చెప్పింది. పెద్ద ఆడదైతే లాభం లేదని నేను చెప్పాను. ఆడ గప్పీ ఒకసారి మగదానితో కలిస్తే ఆ విత్తును నెలల తరబడి కడుపులో దాచుకుంటుంది. మన మగదాన్ని వదిలినా పుట్టేది కాల్వ పిల్లే. అందుకని ఇంకా ఈడు రాని పిల్లల్నే ఏరాం. బట్టలుతికే రాయి పక్కన విడిగా ఉన్న తొట్టిలో కొన్ని మగ ఎర్రతోకలు మిగిలాయి. నాకున్నవి అవే. ఆ ఆడపిల్లలు పెరిగేదాకా ఈ మగవి బతికుండాలి.

అప్పటి ఎదురుచూపు లాంటిది నేను పురిటి గది బయట కూడా ఎరగను. పొద్దున్నే మూత మీద చెయ్యి వేసి, తీయలేక నిలబడేదాన్ని. వెనకనుంచి కనక వచ్చి, నా చేతి మీద చెయ్యి వేసి, ఇద్దరం కలిసి ఎత్తేవాళ్ళం. మగవి ఒక్కొక్కటే తగ్గాయి. ఆడపిల్లలకు ఈడు రాగానే వాటితో వదిలాం. ఇంక రెండే మిగిలాయనగా ఆడవి ఈనాయి.

పిల్లలన్నీ బూడిదరంగే. ఏడుపొచ్చింది. పెంచాను. ఈడొచ్చే వేళకు మగపిల్లల తోకల్లో ఎరుపు దిగింది, తెల్లబట్టకు కుంకం అంటినట్టు. తోక సగమే. షాపాయన చూసి, "ఏం అవ్వా, తోకలు కత్తిరించినావా?" అన్నాడు. "ఇవి గట్టి చేపలు, కొనుక్కుంటే కొనుక్కో" అన్నాను. ఆ మరుసటి ఏడు వానలకు రోగం మళ్ళీ వచ్చింది. కొన్ని పోయాయి. ఏ తొట్టీ ఖాళీ కాలేదు.

ప్రమీల తన ఆటలో తెర అడుగున ఒక నల్లటి కాల్వ గీసింది. ఆడేవాళ్ళు వద్దనుకున్న చేపలు అందులోకి పోయి అక్కడే బతుకుతాయి. బూడిద చేపల్ని ఎవరు చూస్తారని ఆఫీసులో పెద్దాయన విసుక్కున్నాడట. ఆ పిల్ల తీయలేదు. తర్వాత ఆ కంపెనీ మూసేశారని విన్నాను. ఆట షాపులకు వచ్చిందో లేదో తెలీదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను మేతల గురించీ మందుల గురించీ అడుగుతారు. నేను చెప్పేది ఒకటే. ఏరడం తప్పదు, అందం కావాలంటే ఏరాల్సిందే. కాని ఏరి పారేసేదాంట్లో కొంత ఇంట్లోనే ఉంచండి. నా వరసలో చివరి తొట్టి ఇప్పుడు బూడిద చేపలదే. అమ్మను. మేత మాత్రం వేళకు వేస్తాను.

"అమ్ముడుపోనిదానికి మేత వెయ్యనంటివే అత్తా?" అని కనక ఇప్పటికీ దెప్పుతుంది. దెప్పనీ. పొద్దున్నే ఎర్రతోకల తొట్ల మూతలు ఈనాటికీ ఇద్దరం కలిసే ఎత్తుతాం. చివరి తొట్టి మూత నేనొక్కదాన్నే తీస్తాను.